ఈ ఎర్రమొహం కోతులు మన వైపుకి ఎప్పుడొచ్చాయి?

తాడికొండ కుర్రోడు | శనివారం, ఉదయం 8:10

అందరికీ నమస్కారం. మాది గుంటూరు పక్కన, తాడికొండ దాటాక వచ్చే చిన్న ఊరు. ఉద్యోగం హైదరాబాద్‌లో. నెలకోసారి ఇంటికొస్తుంటాను.

నిన్న అమ్మ మేడ మీద బూడిదగుమ్మడికాయ వడియాలు పెట్టింది. పైన పాత నైలాన్ చీర కప్పి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి, చేతిలో కర్రతో కాపలా కూర్చుంది. గ్యాస్ బండ అబ్బాయి పిలిస్తే ఒక్కసారి కిందకి దిగింది. అంతే. నేను పైకి వెళ్లేసరికి ఇరవై దాకా కోతులు. పెద్దది ఒకటి ఇటుకని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, చీర అంచు పట్టుకుని లాగుతోంది. విసిరేయలేదండీ, మనిషి పెట్టినట్టు పక్కన పెట్టింది. నేను "హేయ్" అని అరిస్తే పళ్లు ఇకిలించి మళ్లీ పనిలో పడింది. చివరికి నేనే తలుపేసుకున్నాను.

నా ప్రశ్న వడియాల గురించి కాదు (అమ్మకి మాత్రం అదే అసలు ప్రశ్న). అమ్మ ఒక మాట అంది. "ఇవి మన కోతులు కావురా. మన కోతులకి నెత్తిన పాపిడి ఉంటుంది, తోక బారుగా ఉంటుంది. వీటికి మొహం కాలినట్టు ఎర్రగా ఉంది, తోక చూస్తే జానెడు. మా చిన్నప్పుడు ఈ జాతి మన ఊళ్లో లేదు."

నిజంగా రెండు జాతులు ఉన్నాయా? ఉంటే ఇవి ఎక్కణ్ణుంచి వచ్చాయి? ఫొటో తీశాను గానీ చెయ్యి వణికి మసకగా వచ్చింది.


మిర్చియార్డు మావయ్య | శనివారం, ఉదయం 8:31

కోతి కోతే కదా అల్లుడూ. పాపిడి తీసుకున్న కోతయితే వడియాలు వదిలేస్తుందా?


బెంజిసర్కిల్ బాబాయ్ | శనివారం, ఉదయం 9:02

దీనికి ఇంత చర్చ అక్కర్లేదు బాబూ. మా అపార్ట్‌మెంట్‌లో రెండేళ్ల క్రితం ఇదే గొడవ. ఐదో అంతస్తు బాల్కనీలోకి దిగి ఫ్రిజ్ తలుపు తీసేవి. అసోసియేషన్ తరఫున తలా కొంత వేసుకుని, కోతులు పట్టేవాళ్లని పిలిపించాం. బోనులో వేరుశనక్కాయలూ అరటిపళ్లూ పెట్టారు. మూడు రోజుల్లో ముప్పైకి పైగా పట్టి, వ్యాన్‌లో తీసుకెళ్లి దూరంగా అడవిలో వదిలేశారు. సమస్య తీరిపోయింది. మీరూ అదే చెయ్యండి.


కృష్ణలంక కిట్టు | శనివారం, ఉదయం 9:05

ఏ అడవి బాబాయ్?


బెంజిసర్కిల్ బాబాయ్ | శనివారం, ఉదయం 9:11

అదంతా డ్రైవర్ చూసుకున్నాడు. మనకెందుకు.


జువాలజీ మేడం | శనివారం, ఉదయం 10:40

తాడికొండ బాబుకి: ముందు మీ అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. డిగ్రీ పిల్లలకి ఏళ్ల తరబడి పాఠం చెప్పి రిటైరయ్యాను. ఈ రెండు కోతుల తేడాని "పాపిడి" అన్న ఒక్క ముక్కలో ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. మనం చిన్నప్పటి నుంచీ మంగళగిరి కొండ మీదా, కోటప్పకొండ మెట్ల మీదా చూసినది టోపీ కోతి. నడినెత్తి నుంచి జుట్టు చుట్టూ పరుచుకుని టోపీ పెట్టినట్టు ఉంటుంది, నుదుటి దగ్గర పాయ తీసినట్టు విడిపోతుంది. తోక దాని ఒంటి కన్నా పొడుగు. ఇది దక్షిణ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

రెండోది రీసస్ కోతి. ఎర్ర మొహం, ఎర్ర పిర్రలు, నడుము కింద నుంచి నారింజ ఛాయ, తోక ఒంట్లో సగం కూడా ఉండదు. ఇది అఫ్ఘనిస్తాన్ నుంచి చైనా దాకా ఉంది. పుస్తకాల్లో రాసుకున్న హద్దు ఏమిటంటే, పడమట తపతి, తూర్పున గోదావరి. వాటికి ఉత్తరాన రీసస్, దక్షిణాన టోపీ కోతి. మేము చదువుకున్నదీ, చెప్పిందీ అదే. కానీ 2011లో మన దేశపు పరిశోధకులే ఒక పత్రం వేశారు. రీసస్ ఆ గీత దాటి దక్షిణానికి దిగుతోందనీ, దిగినచోటల్లా టోపీ కోతి వెనక్కి తగ్గుతోందనీ దాని సారాంశం. ఎర్రమొహం కాస్త ఒడ్డూ పొడుగూ ఎక్కువ, తెగువ ఎక్కువ. నీళ్ల దగ్గరా తిండి దగ్గరా రెండూ ఎదురుపడితే టోపీ కోతే పక్కకి జరుగుతుంది.

బెంజిసర్కిల్ బాబాయ్ గారూ, "మనకెందుకు" అన్నారే, అక్కడికి తర్వాత వస్తాను.


మిర్చియార్డు మావయ్య | శనివారం, ఉదయం 11:15

మేడం గారూ, మీ మాట కాదనను. కానీ అసలు సంగతి అడవులు కొట్టేయడం. కొండలు తవ్వేశారు, చెట్లు నరికేశారు. వాటికి తిండి లేక ఊళ్ల మీద పడుతున్నాయి. మాకు పల్నాడు వైపు మూడెకరాల మొక్కజొన్న ఉంది. కంకి పాలు పోసుకునే వేళకి అడవిపందులు దిగుతాయి. తినేది పావు వంతు, తొక్కి పాడుచేసేది ముప్పావు. మా నాన్న రోజుల్లో పంది అంటే కొండ దగ్గరి చేలకే. ఇప్పుడు తారు రోడ్డు దాటి వస్తోంది.

2022లో కాకినాడ జిల్లా ప్రత్తిపాడు వైపు పులి వచ్చి వారాల తరబడి పశువుల్ని పట్టింది, గుర్తుందిగా? అన్నీ అదే కథ.


పలమనేరు పిల్లోడు | శనివారం, మధ్యాహ్నం 12:20

నేను విజయవాడలో పనిచేస్తున్నా, సొంతూరు పలమనేరు దగ్గర. అన్నీ అదే కథ అంటే ఒప్పుకోను మావయ్యా. మా ఏనుగుల సంగతి చెప్తా వినండి.

మా అవ్వ చిన్నప్పుడు ఏనుగు అంటే గుడి ముందు బెల్లం తినేదే. చిత్తూరు అడవుల్లో తరతరాలుగా ఏనుగు లేదు. 1980ల్లో తమిళనాడు హోసూరు, ధర్మపురి వైపు నుంచి మందలు నడుచుకుంటూ వచ్చేశాయి. అవ్వ చెప్పేది: మొదటిసారి చెరువు కట్ట మీద ఏనుగులు కనబడితే ఊరు ఊరంతా టెంకాయలూ కర్పూరమూ పట్టుకుని పోయారట, వినాయకుడు వచ్చాడని. దగ్గరికి పోయి హారతి ఇవ్వబోతే ఒకటి చెవులు విప్పి రెండడుగులు ముందుకేసింది. టెంకాయలు అక్కడే పారేసి ఇళ్లకి పరుగు. మరుసటి ఏడాదికల్లా హారతి పోయి టపాకాయలు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టింది ఈ వచ్చిన ఏనుగుల కోసమే.

వాటినెవరూ తేలేదు. వాటి కాళ్ల మీద అవే వచ్చాయి. శ్రీకాకుళం వైపు కూడా అంతే, 2007లో ఒడిశా లఖేరి అడవుల నుంచి దిగాయి. వచ్చిన దారి తెలుసు, అక్కడ కరువో, తవ్వకాలో, అడవి ముక్కలవడమో ఏదో ఒకటి ఉంటుంది. మా వాళ్లు చెరుకు మానేసి మల్బరీ వేసుకున్నారు కొందరు, కందకాలు తవ్వారు, రాత్రుళ్లు మంచె మీద పడుకుంటారు. మొన్న 2025లో కర్ణాటక ప్రభుత్వం కుంకీ ఏనుగుల్ని, అంటే తర్ఫీదు ఇచ్చిన ఏనుగుల్ని కూడా ఇచ్చింది, వీటిని అడవిలోకి మళ్లించడానికి.

కోతి వేరు. కోతి అడవి పోయిందని ఊళ్లోకి రాలేదు, ఊరు బాగుందని వచ్చింది.


జువాలజీ మేడం | శనివారం, మధ్యాహ్నం 12:48

పలమనేరు అబ్బాయి బాగా చెప్పాడు. పులి సంగతి ఇంకా వేరు. గోదావరి పక్కన పాపికొండల అడవి పులికి కొత్త చోటేమీ కాదు. మనం రెండు తరాలు చూడలేదు కాబట్టి కొత్తగా అనిపిస్తోంది. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యం దేశంలోనే పెద్ద పులుల అభయారణ్యం, 3,700 చదరపు కిలోమీటర్ల పైమాట. వయసుకొచ్చిన మగపులి సొంత చోటు వెతుక్కుంటూ వందల కిలోమీటర్లు నడుస్తుంది. దాన్నీ, వడియాలు తినే కోతినీ ఒకే గాటన కట్టకూడదు.

రీసస్ అసలు దట్టమైన అడవిని అంతగా కోరుకోదు. గుడి, రైల్వే స్టేషన్, చెత్తకుప్ప, దయగల భక్తులు, ఇవీ దానికి కావలసినవి.


కృష్ణలంక కిట్టు | శనివారం, మధ్యాహ్నం 1:30

మీరంతా నేల మీదే చూస్తున్నారు. నీళ్లలోకి రండి.

మా నాన్న, చిన్నాన్న కృష్ణలో ప్రకాశం బ్యారేజీకి ఎగువన వల వేస్తారు. బొచ్చె, శీలావతి, జెల్ల, అదృష్టం బాగుంటే వాలుగ. ఈ మధ్య వల ఎత్తితే బరువు తగులుతుంది, ఆశ పుడుతుంది. తీరా చూస్తే సక్కర్లు. మా పేటలో దెయ్యం చేప అంటాం. ఒళ్లంతా పెంకులే, అరచేత్తో రాస్తే గరుకు కాగితం. నోరు కింద ఉంటుంది, గుండ్రంగా. పక్కరెక్క ముల్లు వల కన్నులో పడితే నిటారుగా బిగదీసుకుంటుంది. మనం వదిలించబోతే చెయ్యి కోస్తుంది, చేపని లాగితే వల చిరుగుతుంది. మా చిన్నాన్న మొలకి చిన్న కత్తెర కట్టుకుని పోతాడు. కన్ను కోసి దాన్ని తీస్తాడు. సాయంత్రం ఇంటి ముందు కూర్చుని ఆ కన్నులన్నీ మళ్లీ అల్లుకోవాలి. రోజు కూలి దానికే పోతుంది.

ఇంకో చోద్యం. పొద్దున ఏడింటికి గట్టు మీద పడేసినదాన్ని, మేం అన్నం తిని వచ్చాక చూస్తే ఇంకా మూతి ఆడిస్తోంది. కొనేవాళ్లు లేరు. పిల్లి కూడా వాసన చూసి పోయింది.

మా తాత బతికున్నంతకాలం ఈ చేప ఎరగడు.


జువాలజీ మేడం | శనివారం, మధ్యాహ్నం 2:05

అది దక్షిణ అమెరికా చేప. అమెజాన్ వైపు నదులు దాని పుట్టిల్లు. పిల్లప్పుడు రెండంగుళాలు ఉంటుంది. అక్వేరియం అద్దం మీద పాచి నాకుతుందని మనవాళ్లు కొంటారు. పెరిగితే అడుగు దాటుతుంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గితే పైకొచ్చి గాలి మింగి, పొట్టతోనే ఊపిరి తీసుకుంటుంది. అందుకే గట్టు మీద గంటల తరబడి చావలేదు. గుడ్లు పెట్టడానికి ఒడ్డు మట్టిలో బొరియలు తవ్వుతుంది, కాలువ గట్లకి అదొక చేటు.

హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్లు చేపని పట్టకుండా, నీళ్లలో కలిసిన డీఎన్ఏని బట్టి ఇది ఎక్కడెక్కడ ఉందో వెతికే పద్ధతి పెట్టారు. తూర్పు కనుమల్లో చూసిన నీటి వనరుల్లో 60 శాతంలో దీని జాడ దొరికింది.

ఇది నడిచి రాలేదు, ఎగిరి రాలేదు. ఎవరో ఒకరు బకెట్‌లో తెచ్చి వదిలారు.


పటమట మేడతోట | శనివారం, మధ్యాహ్నం 2:22

కిట్టూ తమ్ముడూ, ఈ మాట రాయడానికి చెయ్యి రావట్లేదు. మా పిల్లాడి అక్వేరియంలో సక్కర్ ఉండేది. జానెడు పెరిగి మిగతా చేపల్ని కుమ్మేస్తోంటే, చంపడానికి మనసొప్పక, ఒక ఆదివారం కుటుంబమంతా వెళ్లి బందరు కాలువలో వదిలాం. పైగా "సుఖంగా బతుకు తల్లీ" అని దండం పెట్టుకున్నాం. పిల్లాడు ఏడిస్తే ఐస్‌క్రీమ్ కొనిపెట్టాను.


కృష్ణలంక కిట్టు | శనివారం, మధ్యాహ్నం 2:26

సుఖంగానే బతుకుతోంది అక్కా. బెంగ పెట్టుకోకు.


పటమట మేడతోట | శనివారం, మధ్యాహ్నం 2:50

చెప్పేశాను కాబట్టి రెండో పాపం కూడా చెప్పేస్తా. నర్సరీ నుంచి బొప్పాయి మొక్క తెచ్చాను, కుండీ మట్టితో సహా. వానాకాలం రాగానే ఆ మట్టిలోంచి నత్తలు. మన పొలంగట్టు నత్త గోరంత ఉంటుంది కదా, ఇది నా పిడికిలంత. శంఖంలా కోసుగా, గోధుమరంగు చారలు. రాత్రి పదింటికి టార్చి వేసి చూస్తే ఒకటి గోడ మీద సున్నం నాకుతోంది! పొద్దున చూస్తే గోడ మీద జిగురు చారలూ, పెచ్చు గీకిన గుర్తులూ. బొప్పాయికి ఈనెలు తప్ప ఆకు మిగల్లేదు.


జువాలజీ మేడం | శనివారం, సాయంత్రం 4:15

ఆఫ్రికా రాకాసి నత్త. సున్నం నాకేది పెంకు కోసం, దానికి కాల్షియం కావాలి. తూర్పు ఆఫ్రికా దాని సొంత చోటు. అక్కణ్ణుంచి మారిషస్, 1847లో విలియం బెన్సన్ అనే నత్తల శాస్త్రవేత్త ముచ్చటపడి మారిషస్ నుంచి కలకత్తాకి తెచ్చాడు. అక్కడి తోటలో వదిలిన రెండు నత్తలతో మొదలైంది. ఒక్కోటి విడతకి వంద పైన గుడ్లు పెడుతుంది. ఆడ, మగ రెండూ ఒకే ఒంట్లో ఉంటాయి.

అమ్మా, వట్టి చేత్తో ముట్టుకోకండి. ఎలుకల నుంచి వచ్చే ఒక పరాన్నజీవి దీనిలో ఉండొచ్చు, మెదడు పొరల వాపు తెస్తుంది. సాయంత్రం గోనెసంచి తడిపి, కింద బొప్పాయి ఆకులూ కూరగాయల తొక్కూ వేసి ఒక మూల పరచండి. తెల్లారేసరికి అన్నీ దాని కిందకి చేరతాయి. గ్లవ్స్ వేసుకుని ఏరి గాఢమైన ఉప్పు నీళ్లలో వేయండి. కుండీలో మట్టి గుల్లగా చేసి చూడండి, సగ్గుబియ్యం కన్నా కొంచెం పెద్దవిగా పసుపు ఛాయ గుడ్లు ఉంటాయి. ముఖ్యం అవి. కుండీల మట్టిలో మాత్రం ఉప్పు చల్లకండి, మొక్క పోతుంది.


మొంబాసా గుంటూరోడు | శనివారం, రాత్రి 8:40

కెన్యా నుంచి రాస్తున్నాను, పుట్టింది గుంటూరు బ్రాడీపేట. ఆఫ్రికా నత్త మనకి వచ్చిందని బాధపడుతున్నారు. మన కాకి ఇక్కడ చేస్తున్న పని చూడండి.

బూడిదరంగు మెడ ఉండే మన ఊరకాకే. 1890ల్లో జాంజిబార్‌కి చేరింది, అక్కణ్ణుంచి తీరమంతా. ఇక్కడి చిన్న పిట్టల గూళ్లలో గుడ్లు బతకనివ్వదు, హోటల్ టేబుల్ మీద పళ్లెంలోంచి ముక్క ఎత్తుకుపోతుంది. కెన్యా ప్రభుత్వం 2024లో పది లక్షల కాకుల్ని చంపుతామని ప్రకటించింది. ఇక్కడి మిత్రులు "ఇండియన్ క్రో" అని తిడుతుంటే నేను తల దించుకుని చపాతీ తింటుంటా. మొన్న నాన్న తద్దినానికి పిండం పెట్టి పిలిస్తే మాత్రం రెండు నిమిషాల్లో వచ్చింది. గుంటూరులో అయితే అరగంట ఆగాలి.


మిర్చియార్డు మావయ్య | శనివారం, రాత్రి 8:55

ఇది నాకు తెలీదే! మన కాకికి పాస్‌పోర్టు ఎవడిచ్చాడయ్యా?


మొంబాసా గుంటూరోడు | శనివారం, రాత్రి 9:10

ఓడలు, మావయ్యా. ఓడ మీద తిండి, కింద రేవు.


జువాలజీ మేడం | శనివారం, రాత్రి 9:35

కాకి ఒక్కటే కాదు. మన గోరింకని 1862లో మెల్‌బోర్న్‌లో వదిలారు, పురుగులు తింటుందని. ఇప్పుడు ఆస్ట్రేలియా వాళ్లకి అది కంటగింపు. మన ముంగిసని చెరుకు తోటల్లో ఎలుకల కోసం 1872లో జమైకాకి, అక్కణ్ణుంచి 1883లో హవాయికి తీసుకెళ్లారు. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిస తిరిగేది పగలు. ఎలుకలు ఎలుకల్లాగే ఉన్నాయి, నేల మీద గూడు పెట్టే పిట్టలు పోయాయి. లండన్ పార్కుల్లో మన రామచిలుక గుంపులు గుంపులుగా తిరుగుతోంది. పైకి చూస్తే ముచ్చటే.

ఎవరూ తీసుకెళ్లకుండా ఖండాలు దాటినదీ ఉంది. మన గేదెల వెంట పురుగులు ఏరుకునే చిన్న తెల్ల కొంగ ఆఫ్రికా వైపు నుంచి అట్లాంటిక్ దాటి 1870ల చివర్లో దక్షిణ అమెరికాలో తేలింది. అక్కడ అప్పటికే అడవులు కొట్టి పశువుల బీళ్లు చేసి ఉంచారు. దానికి కావలసింది ఎదురుచూస్తోంది. రెక్కలు దానివి, విస్తరి మనిషిది.


తాడికొండ కుర్రోడు | ఆదివారం, ఉదయం 7:20

రాత్రంతా చదివాను. మేడం గారూ, ఒక సందేహం. సరే, గోదావరి దాటాయి. మా ఊరు కృష్ణకి కూడా ఇవతల కదా. ఇంత నదిని కోతులు ఎలా దాటాయి?


కృష్ణలంక కిట్టు | ఆదివారం, ఉదయం 7:31

బ్యారేజీ మీద నుంచి. 1957లో కట్టారు, కిలోమీటరు పైన పొడవు, టోల్ కూడా లేదు. తెల్లవారుజామున వాకింగ్ చేసేవాళ్లకన్నా ముందు రెయిలింగ్ మీద నడిచే కోతుల్ని నేను చూశాను. ఏ రకమో మాత్రం తోక కొలవలేదు.


జువాలజీ మేడం | ఆదివారం, ఉదయం 8:45

వంతెన లేకపోయినా ఆగవు. 1930ల్లో అమెరికా ఫ్లోరిడాలో సిల్వర్ స్ప్రింగ్స్ అనే చోట పడవ షికార్లు నడిపే ఆయన ఒకడు, టూరిస్టులకి సరదాగా ఉంటుందని అరడజను దాకా రీసస్ కోతుల్ని తెచ్చి నది మధ్య లంకలో వదిలాడు. నీళ్లు చుట్టూ ఉన్నాయి, ఎక్కడికి పోతాయి అనుకున్నాడు. అవి బ్రహ్మాండంగా ఈదుతాయని ఆయనకి తెలీదు. గట్టెక్కి చుట్టుపక్కల అడవిలో స్థిరపడ్డాయి. ఇప్పటికీ వాటి సంతతి అక్కడ వందల్లో ఉంది.

అయితే మన దగ్గర నడిచీ ఈదీ వచ్చినవాటికన్నా బోనులో వచ్చినవే ఎక్కువని నా అనుమానం. ఇక్కడ బెంజిసర్కిల్ బాబాయ్ గారి దగ్గరికి వస్తున్నాను. పట్నంలో పట్టిన కోతిని రాత్రిపూట వ్యాన్‌లో వేసుకెళ్లి ఊరి బయట వదలడం దశాబ్దాలుగా జరుగుతున్న పనే. పట్నానికి పీడ వదిలింది, పల్లెకి పట్టింది. తల్లి ఒకచోట, పిల్ల ఒకచోట. గుంపు చెదిరిన కోతి మరీ మొండికేస్తుంది. పైగా ఖాళీ అయిన చోటుకి పక్క గుంపు వచ్చేస్తుంది, తిండి అలాగే ఉంది కాబట్టి.


మిర్చియార్డు మావయ్య | ఆదివారం, ఉదయం 9:20

అయితే ఏం చెయ్యమంటారు మేడం? కొండముచ్చుని తెచ్చి కట్టేస్తే పోతాయంటారు. మా బజారులో ఒకతను అద్దెకి తిప్పేవాడు.


జువాలజీ మేడం | ఆదివారం, ఉదయం 9:50

కొండముచ్చుని కట్టేసి ఉంచడం నేరం, మావయ్య గారూ. ఢిల్లీలో దాని బదులు కొండముచ్చులా కూత పెట్టే మనుషుల్ని పెట్టుకున్నారు. 2023లో జీ20 సమావేశాలప్పుడు కొండముచ్చు అట్టబొమ్మలు కూడా నిలబెట్టారు. అట్టబొమ్మ కదలదని కోతికి తెలియడానికి ఎన్ని రోజులు కావాలి?

నిజంగా పనిచేసేది సంతాన నియంత్రణ, అదీ ఏళ్ల తరబడి చేస్తే. హిమాచల్ ప్రదేశ్ 2007 నుంచి చేస్తోంది. తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020లో ఒక కేంద్రం పెట్టారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2022 సవరణలో ఎర్రమొహాన్ని రక్షణ జాబితాల నుంచి తీసేశారు, టోపీ కోతిని మాత్రం అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూల్‌లో పెట్టారు. పట్టేవాడికి ఈ తేడా తెలుసా, వాడి బోనుకి తెలుసా? అటవీశాఖకి చెప్పకుండా ఎవర్నీ పిలిపించకండి.

ఇంకొకటి, ఇది వింటే మీకు నచ్చదు. మంగళవారం మంగళవారం అరటిపళ్ల గెలలు తీసుకెళ్లి రోడ్డు పక్కన పెట్టడం మానాలి.


మిర్చియార్డు మావయ్య | ఆదివారం, ఉదయం 9:58

మా ఇంటావిడ ఈ పోస్టు చూడకుండా ఉంటే బాగుండు.


తాడికొండ కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 12:10

ఇప్పుడే వాటర్ ట్యాంకు మీదకి గుంపు వచ్చింది. ఈసారి చెయ్యి వణకలేదు, గోడకి ఆనించి తీశాను. అమ్మా నేనూ కలిసి తోకలు లెక్కపెట్టాం. పిల్లలతో సహా ఇరవై రెండు. ఇరవై ఒకటి పొట్టి తోకలు. ఒక్కటి మాత్రం ట్యాంకు అంచున విడిగా కూర్చుంది, తోక కింద పైపు దాకా వేలాడుతోంది. ఫొటో పెద్దది చేసి చూస్తే పాపిడి కూడా ఉంది. మిగతావి దానికి పేలు చూడట్లేదు, తరమట్లేదు కూడా.

అమ్మ దాన్ని చూసి "ఇది మన ఊరిదే" అంది. ఎలా తెలుసో మరి.


జువాలజీ మేడం | ఆదివారం, మధ్యాహ్నం 12:32

హద్దు దగ్గర అలా కలిసిపోవడం ఉంటుంది. టోపీ కోతుల గుంపు చెదిరిపోతే ఒకటీ అరా వీటిలో చేరి బతుకుతాయి. ఆ ఫొటో తేదీతో సహా దాచండి బాబూ. పాడుచేయకండి.


బెంజిసర్కిల్ బాబాయ్ | ఆదివారం, రాత్రి 8:15

నిన్నటి నుంచి ఈ చర్చ చదువుతూ ఊరుకున్నాను. పటమట అమ్మాయి తన సంగతి తనే చెప్పుకుంది కాబట్టి నేనూ చెప్పాలి.

మధ్యాహ్నం పాత ఫోన్ తీసి చూశాను. అప్పట్లో బోనుల ఫొటోలు అసోసియేషన్ గ్రూపులో పెట్టాను, డబ్బులిచ్చినవాళ్లకి లెక్క చూపించాలి కదా. జూమ్ చేశాను. మొహాలు ఎర్రగానే ఉన్నాయి. తోకలు మేడం చెప్పినట్టే. ఒకదాని పొట్టకి పిల్ల కరుచుకుని ఉంది, అప్పుడు నేను గమనించలేదు.

తర్వాత ఆ వ్యాన్ డ్రైవర్ నంబరు వెతికి ఫోన్ చేశాను. నల్లమల అడవి దాకా అని మా దగ్గర డబ్బు తీసుకున్నాడు. "అంత దూరం డీజిల్ గిట్టదు సార్, పైగా అక్కడ చెక్‌పోస్టు టెన్షన్. బ్యారేజీ దాటి, తాడికొండ అవతల చెట్లున్నచోట వదిలేశా" అన్నాడు. ఆ చెట్లేమిటి అని అడిగితే "జామతోట అనుకుంటా" అన్నాడు.

ఇంకొకటి కూడా రాయాలి. సమస్య తీరిపోయిందని నిన్న రాశాను. తీరలేదు. ఎనిమిది నెలలకి ఇంకో గుంపు దిగింది. బాల్కనీలకి మెష్ వేయించుకున్నాం, అంతే.

తాడికొండ బాబూ, మీ అమ్మగారికి ఏం చెప్పాలో తెలియట్లేదు.


తాడికొండ కుర్రోడు | ఆదివారం, రాత్రి 9:05

బాబాయ్ గారూ, ఆ జామతోట మా పెదనాన్నది. రెండేళ్లుగా కాయ చేతికి రావట్లేదని ఈ వేసవిలో కొట్టేయించి సుబాబుల్ వేశాడు.

మీ పోస్టు అమ్మకి మొత్తం చదివి వినిపించాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "పాపం, ఆయన మాత్రం ఏం చేస్తాడు, ఫ్రిజ్ తీస్తుంటే" అంది. సంక్రాంతి లోపు మళ్లీ గుమ్మడి వడియాలు పెడుతుందట. ఆ రోజు మిమ్మల్ని పొద్దున్నే రమ్మంది, భోజనం ఇక్కడే, కర్ర కూడా ఆవిడే ఇస్తుందట.


బెంజిసర్కిల్ బాబాయ్ | ఆదివారం, రాత్రి 9:12

ఏ రోజో ముందే చెప్పు బాబూ. మోకాళ్ల నొప్పులు, మేడకి మెట్లెన్ని?